పొంగని పాలు

మెనూ కార్డు వెనక పేజీలో ఆ హోటలు చరిత్ర అచ్చు వేశారు. అమెరికాలో చదువుకున్న ఒక కువైతీ యువకుడు అక్కడి స్టీక్ రుచి మరవలేక, తిరిగొచ్చి హవల్లిలో చిన్న హోటలు తెరిచాడనీ, చూస్తుండగానే అది మూడు చోట్లకు పెరిగిందనీ, యుద్ధంలో మూతపడి మళ్ళీ లేచి నిలబడిందనీ, కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద కంపెనీ కొన్నాక గల్ఫ్ అంతటా శాఖలు వెలిశాయనీ రాశారు. అంత చరిత్రలో మా నాయన పేరు లేదు. ఉంటుందని నేనేమీ ఆశపడి వెళ్ళలేదు. అయినా కళ్ళద్దాలు తుడుచుకుని రెండోసారి చదివాను. ఎదురుగా కూర్చున్న నూరా నా ముఖం చూసి, "అది కంపెనీ వాళ్ళు రాసుకున్నది ఈశ్వరీ. నన్నెవరూ అడగలేదు" అంది. అడిగినా ఆమె ఏం చెప్పగలదు, ఆమెకే సగం తెలియదు.

నూరా వాళ్ళమ్మ చనిపోయిందన్న కబురు నాకు రాయచోటిలో ఉండగా అందింది. వీసా వచ్చి నేను కువైత్‌లో దిగేసరికి పరామర్శల రోజులు గడిచిపోయాయి. జాబ్రియాలో ఆ పాత ఇంటి హాల్లో ఖర్జూరాల పళ్ళెం, కాఫీ కూజా ఇంకా తియ్యకుండా ఉన్నాయి గానీ మనుషులు లేరు. ఆమెను మేమంతా మామా అనేవాళ్ళం. కువైత్‌లో పనివాళ్ళు యజమానురాల్ని పిలిచే పిలుపు అది. చిన్నప్పుడు సెలవులకు ఊరికి పోయి నేను మామా అట్లంది, మామా ఇట్లంది అని చెబుతుంటే మా అవ్వ, "ఆడమనిషిని మామా అనేదేందే, అంత మీసాలున్నాయా ఆమెకు?" అని నవ్వేది. మీసాలు లేవు గానీ ఆ ఇంట్లో మాట ఆమెదే.

భోజనానికి నూరా నన్నీ మాల్‌లోని హోటలుకు తీసుకొచ్చింది. వచ్చినప్పటి నుంచీ చేతిసంచి ఒళ్ళో నుంచి దించలేదు. మెనూలు పక్కన పెట్టాక, సంచిలోంచి మఖమల్ గుడ్డలో చుట్టినది తీసి బల్ల మీద పెట్టింది. లోపల ఒక ఇత్తడి గరిటె. పొడుగాటి కాడ, చివర కొక్కెం, గిన్నె అంచు ఒకవైపు అరిగిపోయి ఉంది. "అమ్మ నగల బీరువాలో, గాజుల పెట్టె కింద దొరికింది. బంగారం కాదు, వెండి కాదు. ఇదెందుకు దాచుకుందో మాకెవరికీ అర్థం కాలేదు. మీ నాన్నదేమో అని తెచ్చాను" అంది. అది మా నాయనదే. రాయచోటి సంతలో కొని, పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నది. యుద్ధం ముగిశాక ఒకనాడు మామా దాన్ని తీసుకున్నాక మళ్ళీ నేను చూడటం ఇదే.

మా నాయన ఓబులేసు ఆ ఇంట్లో వంటమనిషిగా చేరాడు. కొన్నాళ్ళకు అమ్మ వచ్చింది, నేను వచ్చాను. ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉన్న రెండు గదులు మావి. నా చిన్నతనమంతా ఆ రెండు గదుల వాసనతోనే జ్ఞాపకం ఉంది. పొద్దున ఏసీ నీళ్ళు కారి తడిసిన సిమెంటు వాసన, అమ్మ దంచే శెనక్కాయల ఊరిబిండి, సాయంత్రం పెద్దింట్లోంచి వచ్చే బుఖూర్ సాంబ్రాణి పొగ. మామా వాళ్ళాయన్ని బాబా అనేవాళ్ళం. ఆయన సర్కారు ఆఫీసులో పెద్ద ఉద్యోగి. చదువు కోసం అమెరికాలో ఉన్న రోజుల్లో తిన్న స్టీక్ గురించి ఆయన చెప్పని రోజు లేదు. ఇనుప పెనం మీద మాంసం ముక్క ఎట్లా చుర్రుమనేదీ, బయట మాడి లోపల ఎర్రగా ఎట్లా ఉండేదీ చేతులు తిప్పి చెప్పేవాడు. మా నాయన తల వంచుకుని వినేవాడు. ఒకనాడు పెరట్లో ఇటుకలు పేర్చి, దాని మీద ఇనుప పలక పెట్టి, బాబా చెప్పినదంతా చేసి చూపించాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. మా నాయన పెద్ద మాంసం నోట పెట్టడు. శనివారాలైతే గుడ్డు కూడా తినడు. పని నుంచి వచ్చాక బయట కుళాయి దగ్గర తలకు పోసుకునే గడప లోపలికి వచ్చేవాడు. అమ్మ అందుకోసమే తువ్వాలు తలుపు కొక్కేనికి తగిలించి ఉంచేది. మరి రుచి ఎవరు చూడాలి? బాబా చూస్తే ప్రతిసారీ బ్రహ్మాండం అంటాడు, ఆయనకు ఆ పొగ వాసన చాలు. అందుకని రుచి చూసే పని మామా మీద పడింది. ఆమె నిలబడే, ఒక చిన్న ముక్క నోట్లో వేసుకునేది. మంచిదనీ చెప్పేది కాదు, చెడ్డదనీ చెప్పేది కాదు. నాయన ఆమె ముఖం చూసేవాడు. కనుబొమ ఒకటి కాస్త లేస్తే ఉప్పు తగ్గింది, పెదవి బిగిస్తే మంట ఎక్కువైంది. చూసి మళ్ళీ పలక దగ్గరికి పోయేవాడు. అట్లా ఎన్ని నెలలు చేశారో తెలియదు. వాళ్ళిద్దరి మధ్యా మాటలు తక్కువ. ఆయన అరబ్బీ సగం హిందీ, ఆమె హిందీ సగం సైగ. ముఖం చూసి తెలుసుకోవడం అట్లా వాళ్ళకు అలవాటైంది.

హోటలు తెరిచేటప్పుడు లైసెన్సు మామా పేరు మీద తీసుకున్నారు. సర్కారు ఉద్యోగి పేరున వ్యాపారం ఉండకూడదట. ఆలోచన బాబాది, కాగితం మామాది, చేయి మా నాయనది. ముగ్గురిలో ఎవరిది ఆ హోటలు అని అప్పట్లో ఎవరికీ అనుమానం రాలేదు. గుమ్మం మీద నల్లటి ఎద్దు తలకాయ బొమ్మ వేయించారు. మన కడప జిల్లా వాళ్ళకు ఆ ఇంగ్లీషు పేరు నోరు తిరగక ఎద్దుబొమ్మ అనేవాళ్ళు. మంగఫ్ నుంచి సెలవునాడు వచ్చే కూలిజనం మా నాయన్ని ఎద్దుబొమ్మ ఓబులేసు అనే పిలిచేవాళ్ళు. ఆయనకది కాస్త గర్వంగానే ఉండేదని నా అనుమానం.

తెరిచే రోజు పొద్దున మా నాయన బాబాతో, మొదట మాంసం వద్దు, మొదటి మంట మీద పాలు పొంగించాలి అన్నాడు. బాబా నవ్వాడు. మామా నవ్వలేదు, ఎందుకని అడిగింది. నాయన తన వచ్చీరాని భాషలో చెప్పాడు. మా దేశంలో కొత్త ఇంట్లో ముందు పాలు కాస్తాం, అవి పొంగి పొయ్యి మీద పడాలి, అప్పుడే అది ఇల్లవుతుంది. ఎవరు పెట్టిన పాలు పొంగితే వాళ్ళదే ఆ ఇల్లు. మామా కాసేపు ఆలోచించి, అబాయా చేతులు పైకి మడిచి, గిన్నె తానే ఎత్తి పెట్టింది. అమ్మ ఆ గిన్నె మెడకు పసుపు రాసింది. పాలు బుసబుసమని లేచి అంచు దాటి ఇనుప పలక మీద పడ్డాయి. మాడిన పాల వాసన హోటలంతా నిండింది. ఆ తర్వాత ఫహాహీల్‌లో రెండోది, సాల్మియాలో మూడోది తెరిచినప్పుడు కూడా ఆమె అదే గిన్నె పట్టుకుని వచ్చింది. అహ్మది నుంచి వచ్చే ఆయిలు కంపెనీ ఇంజనీర్లు ఆ వింత చూసి ఫోటోలు తీసుకున్నారు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఎండాకాలంలో బాబా లండన్‌లో ఉన్నాడు. గుండెకు వైద్యం. తోడుగా నూరా, ఆమె తమ్ముళ్ళు వెళ్ళారు. మంచంలో ఉన్న తన తల్లిని వదలలేక మామా ఆగిపోయింది. నేనప్పుడు ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి. పొద్దున లేచేసరికి వీధిలో ట్యాంకులు. ఎవరో కథ చెబుతున్నట్టు ఉందే తప్ప నమ్మబుద్ధి కాలేదు. సాల్మియా హోటలును ఆ వారంలోనే దోచుకున్నారు, కుర్చీలతో సహా. ఫహాహీల్‌ది సైనికుల వంటశాల అయింది. మందులు దొరక్క మామా తల్లి కన్నుమూసింది. ఆమెను మట్టి చేసి వచ్చిన సాయంత్రం మా నాయన మామాతో, "ఇంట్లో ఉండొద్దు మామా" అన్నాడు. జాబ్రియాలో ఇళ్ళు ఒక్కొక్కటే సోదా చేస్తున్నారు. కువైతీలని తెలిస్తే తీసుకుపోతున్నారు. తీసుకుపోయినవాళ్ళు మళ్ళీ కనబడటం లేదు.

హవల్లి హోటలు మీద ఒక గది ఉండేది, ఉల్లిగడ్డలు, నూనె డబ్బాలు పెట్టుకునేది. మేం ముగ్గురం, మామా, అక్కడికి చేరాం. మామా అమ్మ నైటీ తొడుక్కుని తలకు గుడ్డ కట్టుకుంది. ఎవరైనా అడిగితే హిందీ, అంటే ఇండియా పనిమనిషి, మూగది. నోరు తెరిస్తే ఆమె అరబ్బీ పట్టిస్తుంది గనక. పగలు కింద వంటింట్లో అంట్లు తోమేది. అన్నాళ్ళూ గిన్నె తోమి ఎరగని చేతులు, నాలుగు రోజుల్లో పగుళ్ళిచ్చాయి. మా అమ్మ మొదట మొహమాటపడింది, తర్వాత అలవాటైపోయింది. "లోపల తోమితే సాలదు మామా, బయట మసి గూడా పోవల్ల" అని చెప్పేది. మామా తలూపి గిన్నెను వెనక్కి తిప్పి వేళ్ళతో తడిమి చూసేది. పైన గదిలో, తలుపు వేసుకున్నాక, అమ్మ ఆమెకు తెలుగు మాటలు నేర్పేది. ఉప్పు, నీళ్ళు, గరిటె, వద్దు, చాలు, మాది, మీది. ఏదో చదువుకునే పిల్లలా పెదవులు కదిలించి పలికేది. తల్లి పోయిన మనిషి అప్పుడు మాత్రం ఒకటి రెండుసార్లు నవ్వింది.

ఒక మధ్యాహ్నం ఇరాక్ సైన్యం అధికారి ఒకడు వచ్చాడు. ఎత్తుగా, నిద్ర చాలని కళ్ళతో ఉన్నాడు. చెడ్డవాడిలా లేడు, అందుకే ఎక్కువ భయమేసింది. వెంట ఇద్దరు సైనికులు. ఎద్దు తలకాయ బొమ్మ కింద నిలబడి, "ఇదెవరిది?" అని అడిగాడు.

"యజమాని లండన్‌లో ఉన్నాడు" అన్నాడు నాయన.

"పారిపోయాడు అను. నువ్వెవరివి?"

"వంటవాణ్ణి."

"ఎప్పటినుంచి?"

"తెరిచినప్పటినుంచి."

అధికారి వంటింట్లోకి వచ్చాడు. ఇనుప పలకను చేత్తో రాశాడు. తొట్టి దగ్గర మామా వీపు తిప్పి గిన్నెలు తోముతోంది. ఆమెవైపు చూడకుండానే దాటిపోయాడు. శీతల గది తలుపు తెరిచి వేలాడుతున్న మాంసం చూసి, నాయన వైపు తిరిగాడు. "పరదేశంలో కూర్చుని తినేవాడిదా హోటలు, పొయ్యి ముందు నిలబడేవాడిదా? ఇకనుంచి ఇది నీది. కాగితం నేను రాయించి తెస్తాను. గురువారం తెరువు, నా మనుషులకు వండు. నిన్నెవరూ ముట్టుకోరు" అన్నాడు. నాయన ఔననలేదు, కాదనలేదు. కాదంటే ఎందుకంటాడు, ఎవర్ని దాస్తున్నావంటాడు. గది వెతుకుతాడు. అదంతా నాకు ఆ వయసులోనే తెలిసింది. అధికారి భుజం తట్టి వెళ్ళిపోయాడు. తొట్టిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయి చాలాసేపైందని అప్పుడు గమనించాను.

మా నాయనకు మాట తక్కువని చెప్పాను గదా. ఆయన మనసులో ఏముందో అమ్మకే తెలిసేది కాదు. ఆ రెండు మూడు రోజులు ఆయన పలకను ఇటుకముక్కతో రుద్దుతూ కూర్చున్నాడు. అమ్మ ఊరుకోలేదు. మామా పైన ఉందని గొంతు తగ్గించింది గానీ, ఆ మెట్లకు చెవులున్నాయి.

"యాల మాట్లాడవు? ఇన్నేండ్లు ఆ మంటకాడ నిలబడింది నువ్వు. కాలింది నీ చేతులు. మూడు అంగళ్ళు పెట్టినారు, ఒగదాని మింద నీ పేరుందా? ఇఖామా కార్డులో వంటోడనే గదా రాసింది."

నాయన రుద్దుతూనే ఉన్నాడు.

"నేనేమీ దొంగసొత్తు అడగల్యా. నీ కట్టం నీకిచ్చాండారు, తీసుకోమంటాండా. పాపను చదివించుకోవల్ల. రేప్పొద్దున ఈ యుద్ధం ఎట్ల పోతాదో ఎవురికి తెలుసు?"

"చూచ్చాంలే" అన్నాడు నాయన. అంతే.

అమ్మను తప్పు పట్టడం తేలిక. నేను కూడా చాలాకాలం పట్టాను. ఇప్పుడు ఆ వయసు దాటి వచ్చాక పట్టలేను. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. వీసా ఇచ్చిన కఫీల్ పేరు కింద మన పేరు ఎప్పుడూ ఉండదు, ఎంత చాకిరీ చేసినా మనం ఆ ఊళ్ళో అద్దె మనుషులమే. ఎవరో తుపాకీవాడు వచ్చి నీ కష్టం నీదే అన్నాడు. అన్యాయం చేస్తున్న వాడి నోటి నుంచి వచ్చింది ఆ న్యాయం, అదే బాధ. మా నాయనకు కూడా ఆశ పుట్టిందని నేను నమ్ముతున్నాను. పుట్టకపోతే ఆ పలకను అన్ని రోజులు రుద్దడు. మామా మటుకు ఒక్క మాట అడగలేదు. అడిగితే బతిమాలినట్టవుతుందని కాబోలు. అమ్మ నేర్పిన మాటల్లో మాది, మీది ఆమెకు బాగా వచ్చు. మెట్ల మీద నుంచి ఆమెకు ఎంత అర్థమైందో ఎంత కాలేదో నాకు తెలియదు.

గురువారం పొద్దున అమ్మ తలస్నానం చేసి, గిన్నెకు పసుపు రాసి, పాలు కావాలంది. మొత్తం ఊళ్ళో పాలు లేవు. మా దగ్గర ఒక పాలపొడి డబ్బా మాత్రం ఉంది. మామా తన తల్లి కోసం దాచిపెట్టినది, ముసలామె తాగకుండానే పోయింది. దాన్ని మామా తలాపున పెట్టుకుని పడుకునేది. అమ్మ ఆమె ముందు నిలబడి డబ్బా వైపు చూసింది, నోటితో అడగలేకపోయింది. మామా లేచి, డబ్బాను రెండు చేతులతో తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఇద్దరూ ఒకే గదిలో అన్ని రోజులు ఒకే బొంత మీద పడుకున్నవాళ్ళు. నాకు అక్కడ నిలబడబుద్ధి కాక కిందికి దిగిపోయాను.

అధికారి ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని తెచ్చాడు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడ లేదు, పలక దగ్గర ఏం చేసినా అందరికీ కనిపిస్తుంది. అమెరికాలో అట్లాగే ఉంటుందని బాబా కట్టించాడు. నాయన గిన్నె పెట్టి మంట వెలిగించాడు. అమ్మ పక్కన నిలబడింది. మామా తొట్టి దగ్గర, తలగుడ్డ కళ్ళదాకా లాక్కుని నిలబడింది. ఏమిటది అని అధికారి అడిగితే, మా ఆచారం, హోటలు తెరిచేముందు పాలు కాస్తాం అన్నాడు నాయన. అధికారి తలూపి సిగరెట్టు ముట్టించాడు.

పాలు వేడెక్కాయి. అంచుల వెంట నురుగు పట్టింది. మధ్యలో మీగడ కదిలి, గిన్నెంతా ఒక్కసారి పైకి లేవబోయింది. అమ్మ చేతులు జోడించింది. అప్పుడు నాయన కొక్కేనికి వేలాడుతున్న ఇత్తడి గరిటె తీసి పాలల్లో పెట్టి తిప్పాడు. లేచిన పాలు కిందికి దిగాయి.

అమ్మకు మొదట అర్థం కాలేదు. మరిచిపోయాడనుకుంది. మళ్ళీ పాలు లేచాయి, మళ్ళీ తిప్పాడు. "గరిటె తియ్యి" అంది అమ్మ పెదవులు కదలకుండా. ఆయన వినలేదు. మంట తగ్గించలేదు, గిన్నె దించలేదు, తిప్పుతూనే ఉన్నాడు. మూడోసారి అంచు దాకా వచ్చి వణికిన పాలను గరిటెతో పైకెత్తి పోసి అణిచాడు. ఆయన నుదుటి మీద చెమట, చేతి నరాలు ఉబ్బాయి. ఏదో బరువు మోస్తున్న మనిషిలా కనిపించాడు. "ఏమయ్యా" అంది అమ్మ, ఈసారి ఆమె గొంతులో ఏడుపుంది. అప్పుడు నాయన తలెత్తాడు. అమ్మ వైపు కాదు, నా వైపు కాదు, తొట్టి వైపు. ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు చూసే చూపు. తలగుడ్డ కింద మామా కళ్ళు ఆయన ముఖాన్ని వదలలేదు.

మంట ఆర్పి, ఆ పాలల్లో చక్కెర వేసి, గ్లాసుల్లో పోసి అధికారికి ముందిచ్చాడు. ఆయన తాగి, మబ్రూక్, శుభం అని, కాగితం బల్ల మీద పెట్టాడు. నాయన దాన్ని తీసి, మర్యాదగా కళ్ళకద్దుకుని, గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఎంత నటించగలడో నాకు ఆ రోజు తెలిసింది. అంట్లు తొట్టిలోకి వచ్చాయి. మామా పాలగిన్నె ఎత్తి, నీళ్ళు తగలకముందే, వెనక్కి తిప్పింది. చేత్తో గిన్నె బయటంతా తడిమింది. ఎక్కడా పాలచార లేదు. మెడకు రాసిన పసుపు కూడా చెదరలేదు. గిన్నెను కడుపుకు ఆనించుకుని అట్లాగే నిలబడింది. ఆమె భుజాలు కదలడం నేనొక్కదాన్నే చూశాను. మామా మూగదని సైనికులకు చెప్పి ఉండటం మంచిదైంది.

ఆ తర్వాత జరిగినవి అందరికీ జరిగినవే. మాంసం ఉన్నన్నాళ్ళు నాయన వండిపెట్టాడు. ఆ నెపంతో వెనక గుమ్మం నుంచి నాలుగు కువైతీ ఇళ్ళకు అన్నం పోయింది. అధికారిని ఎక్కడికో మార్చారు. మామాను ఆమె చుట్టాలు ఎడారి దారిలో సౌదీకి దాటించారు. వెళ్ళేముందు అమ్మను కావలించుకుంది, అమ్మ కూడా కావలించుకుంది, ఇద్దరూ డబ్బా ఊసెత్తలేదు. మేం బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, గుడారాల్లో వంతు కోసం కాచుకుని, విమానమెక్కి ఇల్లు చేరాం. రాయచోటిలో అమ్మ నాయనతో చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం, "పొంగనిచ్చింటే ఏమయ్యేది? ఆ మిలిట్రీ యప్పకేమన్నా తెలుస్తాదా?" అని అడిగింది. నాయన, "మనకు తెలుస్తాది గదా" అన్నాడు. నాకు తెలిసి ఆ విషయం మీద ఆయన మాట్లాడింది అంతే.

నూరాకు ఇదంతా చెబుతుంటే ఆమె ప్లేటులో ముక్క చల్లారిపోయింది. ఈ హోటల్లో మంట కనిపించదు. వంటగది తలుపు వెనక ఎక్కడో ఉంది, కరెంటు పొయ్యిలట. స్టీక్ మరీ పద్ధతిగా, ప్రతి ఊళ్ళో ఒకే కొలతగా వస్తుందని నూరా చెప్పింది. బాగుందని కూడా చెప్పింది, నేను తినను గనక నాకు తెలియదు. కంపెనీ ఏ దేశానిదో అడిగితే, మొదట ఒకరిదని, తర్వాత ఇంకొకరు వాటాలు కొన్నారని, ఇప్పుడెవరిదో తనకూ సరిగ్గా తెలియదని అంది. గ్లాసులు నింపుతున్న అబ్బాయిని మనది ఏ ఊరని అడిగితే రాజంపేట అన్నాడు. ఈ బ్రాంచి తెరిచినప్పుడు పాలు పొంగించారా అని అడిగాను. "పాలెందుకమ్మా, రిబ్బన్ కత్తిరించినారు" అన్నాడు. వాడి తప్పేముంది. యజమానులు లేని ఇంట్లో ఎవరి పాలని పొంగిస్తారు?

హోటలు అమ్మేటప్పుడు మాత్రం ఒక సంగతి జరిగింది, అది ఏ చరిత్రలోనూ లేదు. బాబా అప్పటికే లేడు. నూరా తమ్ముళ్ళు అమ్మేద్దామని తొందరపెడుతుంటే మామా రాయచోటికి ఫోన్ చేసింది. మా నాయన అప్పటికి మంచం పట్టాడు. ఫోన్ నేనే ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. ఎంతకని చెప్పలేదు, ఎవరికని చెప్పలేదు. అమ్మొచ్చా అని అడిగింది. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళు, ఏ కాగితంలోనూ పేరు లేని మనిషిని అడిగారు. నాయన కాసేపు ఊపిరి తీసుకుని, "ఖలాస్ మామా. మనకు వయసైపోయింది, అమ్మేయ్" అన్నాడు. అవతల ఆమె ఏడ్చింది. ఆమెను కూడా కలుపుకుని మనకు అని ఆయన అనడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"మరి గరిటె?" అంది నూరా.

యుద్ధం ముగిశాక మామా మమ్మల్ని మళ్ళీ పిలిపించింది. ఎయిర్‌పోర్టులో దిగితే మధ్యాహ్నమే చీకటిగా ఉంది. నూనె బావులు ఇంకా కాలుతున్నాయి, చొక్కాల మీద మసి రాలుతోంది. హవల్లి హోటలు గోడలకు తూటాల గుంతలు, అద్దాలు లేవు, ఎద్దు తలకాయకు ఒక కొమ్ము విరిగిపోయింది. ఇనుప పలక మాత్రం కదలలేదు, అంత బరువు ఎవరూ ఎత్తుకుపోలేకపోయారు. ఊరి నుంచి వెనక్కి తెచ్చుకున్న గరిటెను నాయన దాని పక్కన పాత కొక్కేనికే తగిలించాడు. బాబా కుర్చీలో కూర్చుని ఆయాసపడుతున్నాడు. మామా, సౌదీ దాకా మోసుకుపోయిన అదే గిన్నెతో వచ్చింది. పాలు పోసింది. పోసి, తను వెనక్కి జరిగి, గిన్నెను మా నాయన ముందుకు తోసింది. ఆయనకు అర్థం కాలేదు, అర్థమయ్యాక ఒప్పుకోలేదు, మీరే పెట్టాలి మామా అన్నాడు. ఆమె కదలలేదు. బాబా కూడా చెయ్యి ఊపి, "యల్లా ఓబులేస్" అన్నాడు. నాయన గిన్నెను పొయ్యి మీద పెట్టాడు.

అమ్మ గిన్నె మెడకు కొత్త పసుపు రాసి, చేతులు తుడుచుకుంటూ చూస్తోంది. పాలు అంచుకు నురుగు కట్టాయి. మీగడ కదిలింది. ఇన్ని నెలల తర్వాత కూడా నాయన చేయి తనంతట తనే కొక్కెం మీదికి పోయింది. గరిటె దొరికింది, పాలల్లోకి దించబోయాడు. మామా ఒక్క అడుగు ముందుకు వేసి, ఆయన చేతిలోంచి గరిటెను లాక్కుని, అబాయా మడతల్లో వెనక దాచుకుంది. అమ్మ నేర్పిన రెండు మాటలు తప్పు లేకుండా పలికింది.

"గరిటె వద్దు."

పాలు లేచాయి. ఆపడానికి నాయన చేతిలో ఏమీ లేదు. రెండు చేతులూ గాలిలో పట్టుకుని, ముఖం దాచుకోవడానికి కూడా తోచక, అట్లాగే నిలబడి ఏడ్చాడు. పాలు గిన్నె మెడ మీది పసుపును కలుపుకుని, ఇనుప పలక మీదికి పొంగిపోయాయి.